కంచె కట్టువాడు, చెట్టు కాచువాడు

కంచె చేను మేసినట్లు అని మన పెద్దలు సామెత చెప్పుదురు. కాపాడవలసినదే హాని చేసినప్పుడు ఈ మాట వాడుదుము. కంచెమీద మన రైతునకు ఎంతటి నమ్మకము గలదో ఈ ఒక్క సామెతవలననే తెలియుచున్నది. ఆ నమ్మకమునకు తగినట్లు మన కంచెలు నిలుచుచున్నవా? కంచె లోపల నాటిన మొక్కలు చెట్లగుచున్నవా? గ్రామ పంచాయతీ సభ్యులు ఏటేట తమలో తాము వేసికొనవలసిన ప్రశ్నలివి.

1950వ సంవత్సరములో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి శ్రీ కె. ఎం. మున్షీ దేశమంతట వనమహోత్సవమును ప్రారంభించిరి. నాటినుండి మన గ్రామములలో మొక్కలు నాటని సంవత్సరము లేదు. కాని నాటుట ఒక దినపు పని. నిలుపుట మూడు నాలుగు సంవత్సరముల పని. ఈ సంగతి గుర్తించియే తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు, ఆ బాధ్యత సర్పంచుది, కార్యదర్శిది అనియు విధించినది. బాధ్యత పంచాయతీదే యైనను గునపము పట్టువాడు, రంపము పట్టువాడు వేరొకడు. అతనిని గూర్చియు, అతని పనిని గూర్చియు ఈ వ్యాసములో ముచ్చటింపదలచితిమి.

వెనుక ఇంటిపని, నేడు వృత్తి

వెనుకటి దినములలో కంచె వేయుట ప్రతి రైతు తన చేతులతో చేసికొనిన పని. వేసవిలో తుమ్మకంప, రేగుకంప నరికి తెచ్చి, గట్టుపై పేర్చి, తొలకరికి ముందే ముగించెడివారు. చెట్టుకొమ్మ తీయవలసివచ్చినచో గొడ్డలి పట్టగల వాడెవడైన చాలును అనుకొనెడివారు. నేడు ఇంటింట అంత తీరిక లేదు. కూలివారును దొరకుట కష్టమైనది. కావున ఈ పనులను గుత్తకు పట్టి చేయువారు పుట్టుకొని వచ్చిరి. వీరిని కొన్నిచోట్ల కంచెల మేస్త్రి యనియు, కొన్నిచోట్ల కంట్రాక్టరు అనియు పిలుతురు. ట్రాక్టరుకు తగిలించి గుంతలు తీయు యంత్రము, పెట్రోలుతో నడచు రంపము, మోకులు, నిచ్చెన, నలుగురైదుగురు పనివారు, ఇదియే అతని సరంజామా.

అతని పనికి ఋతువు లేదు. తొలకరిలో మొక్కలు నాటుట, జీవకంచెకు విత్తనము వేయుట. వానలు వెనుకబడిన పిమ్మట, నేల మెత్తగా ఉండగనే రాతి కడీలకు గుంతలు తీయుట. చలికాలమున తీగ బిగించుట, గేట్లు నిలుపుట. వేసవిలో ఎండుకొమ్మలు తీయుట, విద్యుత్ తీగలకు తగులు కొమ్మలను సవరించుట. గాలివాన వచ్చినచో ఆ రాత్రియే పిలుపు వచ్చును. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును తాకినప్పుడు కూలిన చెట్లను తొలగించినగాని దారులు తెరచుకొనలేదు. కూలిన చెట్టు నిలిచిన చెట్టుకంటె ప్రమాదకరమైనది. వంగి బిగిసియున్న కొమ్మను ఎటు కోసిన ఎటు ఎగురునో ఎరిగినవాడే దానిని ముట్టుకొనవలెను. 

ఇట్లు కంచెపని, చెట్టుపని రెండును ఒకరి చేతిలోనే ఉండుట మంచిదియే. ఒక ఉదాహరణము చెప్పుదుము. కడీ ఖర్చు మిగులునని గట్టుమీది వేపచెట్టుకు మేకు కొట్టి ముళ్ళతీగ బిగించుట మనము తరచుగా చూచుచుందుము. చెట్టు లావెక్కినకొలది తీగ బెరడులోనికి మునిగిపోవును. పది సంవత్సరముల తరువాత ఆ చెట్టుకు రంపము పెట్టినవానికి లోపలి ఇనుము కనబడదు. రంపపు పండ్లు విరుగును. గొలుసు తెగి మనిషికి తగులును. రెండు పనులును తెలిసిన మేస్త్రి చెట్టును కడీగా ఎన్నడును వాడడు.

హద్దు తేలిన తరువాతనే కంచె

కంచెకు మొదటి పని గునపముతో కాదు, గొలుసుతో, అనగా సర్వేయరు కొలతతో. పాఠశాల స్థలమైనను, శ్మశానవాటికయైనను, నర్సరీయైనను, మంచినీటి ట్యాంకు ఆవరణయైనను ముందు హద్దురాళ్ళు చూపించి, ప్రక్క భూముల వారిని పిలిచి, వారి యెదుట త్రాడు పట్టవలెను. హద్దు తప్పిన కంచె పదిమంది కూలితో ఒక దినమున నిలుచును. దానిపై తగాదా పది సంవత్సరములు నడచును.

పుంతలు, డొంకలు, చెరువునకు పోవు బాటలు, పశువులు మేతకు పోవు దారులు కంచె లోపల పడకుండ చూచుట పంచాయతీ విధి. పెద్దకమతముల వారికి చుట్టు తిరిగిపోవుట పెద్ద లెక్క కాదు. రెండు మేకలు గల వితంతువునకు దారి మూసినచో ఆమె బ్రతుకుదెరువే మూసినట్లగును. పశువులు పరుల చేనిలో పడినప్పుడు బందెలదొడ్డికి తోలు పద్ధతికి 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టము ఆధారము. కాని తోలుకొనిపోవు దారియే లేకుండ చేసి, పిమ్మట బందె విధించుట న్యాయము కాదు.

కొలత తెలిసిన మోసము లేదు

కంచె ఖర్చు భూమి విస్తీర్ణమును బట్టి కాక చుట్టుకొలతను బట్టి ఉండును. ఇది చిన్న విషయమువలె తోచును గాని పంచాయతీ డబ్బు ఇక్కడనే పోవుచుండును. ఎకరమనగా 43,560 చదరపు అడుగులు. ఆ ఎకరము చదరముగా ఉన్నచో ఒక్కొక్క ప్రక్క సుమారు 209 అడుగులు, చుట్టుకొలత సుమారు 835 అడుగులు. అదే ఎకరము 66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవు గల పట్టీగా ఉన్నచో చుట్టుకొలత 1,452 అడుగులు. భూమి ఒక్కటే; కంచె ఇంచుమించు ముప్పాతిక వంతు పెరిగినది. కావున ఎకరమునకింత అని ధర చెప్పువానిని, అడుగునకు ఎంత అని అడుగవలెను.

ఈ లెక్కలోనే రైతులకు లాభించు సంగతి యొకటి కలదు. ఒక్కొక్కటి చదరముగా నున్న నాలుగు ఎకరములకు నలుగురు రైతులు ఎవరి కంచె వారు వేసికొన్నచో మొత్తము సుమారు 3,340 అడుగులు కావలెను. ఆ నాలుగు ఎకరములు కలిసి చదరమై ఉండి, నలుగురును ఏకమై చుట్టు ఒకే కంచె వేసినచో 1,670 అడుగులు చాలును. ఖర్చు సగమునకు సగము తగ్గును. పంచాయతీ సభ్యులు చొరవ తీసికొని ఇరుగుపొరుగు రైతులను కూర్చుండబెట్టి మాట్లాడినచో ఏ సహాయధనము లేకయే ఇంత మేలు జరుగును.

ఇక కడీల లెక్క. పది అడుగులకొక కడీ చొప్పున 835 అడుగులకు 84 కడీలు. నాలుగు మూలలకును రెండేసి ఊతకడీలు చొప్పున మరి 8. అయిదు వరుసల తీగకు 4,175 అడుగులు, అనగా సుమారు 1,270 మీటర్లు. చుట్లకు, ముళ్ళకు, కొంత వృథాకు కలిపి ఇంకను కొంచెము కావలెను. ఈ నాలుగు అంకెలు కాగితముపై వ్రాసి చేతిలో పట్టుకొని సభ్యుడు పని జరుగుచోటికి పోయినచో, కట్టలు లెక్కించుట, కడీలు లెక్కించుట పావుగంట పని.

రాతి కంచె, జీవకంచె

రాతి కడీలకు చెద పట్టదు, తుప్పు పట్టదు. ఏడడుగుల కడీ అయినచో రెండడుగులు భూమిలో దిగవలెను. ఒకటిన్నర అడుగుతో సరిపెట్టి పైన ఎత్తుగా చూపుట కొందరికి అలవాటు. మట్టి పూడ్చకముందే గుంతను కొలుచుట సభ్యుల పని. పూడ్చిన పిమ్మట ఎవరును చెప్పలేరు. తీగ బిగువంతయు మూలకడీపై పడును. ఊత లేని మూలకడీ ఒక వానకాలము గడచునప్పటికి లోపలికి ఒరగును. దానితో వరుసలన్నియు సడలిపోవును. కంచె చెడుట ఎప్పుడును మూలనుండియే ప్రారంభమగును. తీగ వరుసలు క్రింద దగ్గరగా, పైన ఎడముగా ఉండవలెను. మేక దూరునది క్రిందనుండియే గదా. ముళ్ళతీగకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 278 కలదు. జింకు పూత పలుచనైన తీగ తక్కువ ధరకు వచ్చును, త్వరగా తుప్పు పట్టును. బిల్లులో ఆ ప్రమాణపు అంకె ఉన్నదో లేదో చూచుకొనవలెను.

డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నచోట జీవకంచెకు మించినది లేదు. గచ్చ, వాక, సీమచింత, కిత్తనార, జెముడు మన నేలలకు అలవాటుపడిన జాతులు. గచ్చ ముండ్లను దాటి పశువు రాదు. వాక కాయలు పప్పులోనికి, పచ్చడికి పనికివచ్చి కొంత రాబడి కూడ నిచ్చును. గ్లిరిసిడియా కొమ్మలు నాటినచో దాని ఆకు పచ్చిరొట్టగా పొలమునకు దక్కును. తొలకరిలో అడుగున్నర లోతు కాలువ తీసి, ఎరువు వేసి, రెండు వరుసలలో ఒకదాని సందున మరొకటి వచ్చునట్లు విత్తవలెను. మొక్కలు మోకాలెత్తు కాగానే తలలు త్రుంచవలెను. ఇది రైతునకు మనసొప్పని పనియే. త్రుంచకపోయినచో మొక్క పైకి పోయి, మొదట సందులు మిగులును. పైన అడవివలె ఉండి క్రింద మేకకు వాకిలి తెరచినట్లగును. రెండు మూడు సంవత్సరములు దీనికి ఎండుకంప కంచె కాపు కావలెను. కంచెకే కంచె వేయవలసిన కాలమిది. ఓపిక పట్టినవారికి తరువాత పదుల సంవత్సరములు దిగులుండదు.

రెండు హెచ్చరికలు. పాఠశాల, అంగన్‌వాడీ చుట్టు గన్నేరు గాని అడవి ఆముదము గాని వేయరాదు. గన్నేరు ఆపాదమస్తకము విషము. అడవి ఆముదపు గింజలు తిని పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలగుదురు. సర్కారు తుమ్మను కంచెగా పెంచరాదు. దాని కాయలు తిన్న పశువుల పేడద్వారా విత్తనము ఊరంతయు ప్రాకి, పిమ్మట దానిని తొలగించుటకే గుత్త ఇయ్యవలసివచ్చును.

ప్రాణము తీయు కంచె

అడవిపందుల బాధ పడలేక కొందరు రైతులు రాత్రివేళ చేను చుట్టు తీగ కట్టి, దానికి నేరుగా కరెంటు కలుపుచున్నారు. ఈ మాట వ్రాయుటకే మాకు మనసు బాధపడుచున్నది. ఆ తీగకు పందికంటె ముందు మనిషి తగులును. మోటారు వేయుటకు చీకటిలో పోయిన ప్రక్కచేని రైతు, బహిర్భూమికి పోయిన ముసలివాడు, తెల్లవారకముందే కట్టెలకు పోయిన స్త్రీ, ఒక్కొక్కప్పుడు తీగ కట్టినవాడే, అతని కొడుకే, ఇట్లు బలియగుచున్న వార్తలు ఏటేట పత్రికలలో వచ్చుచున్నవి. లైనునుండి దొంగతనముగా కరెంటు తీసికొనుట 2003 నాటి విద్యుచ్చట్టము 135వ విభాగము క్రింద మూడు సంవత్సరముల వరకు శిక్షింపదగిన నేరము. దానివలన మనిషి చనిపోయినచో అది వేరు నేరము. వన్యమృగము చనిపోయినచో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద మరియొక నేరము.

సౌరకంచె ఇట్టిది కాదు. అందులో బ్యాటరీనుండి శక్తి తీసికొను పెట్టె యొకటి తీగకు విద్యుత్తును ఎడతెగకుండ పంపక, ఇంచుమించు క్షణమునకొకసారి, కన్ను మూసి తెరచులోపల ముగియు దెబ్బగా పంపును. ఓల్టులు వేలలో ఉన్నను దెబ్బలోని శక్తి స్వల్పము. పశువు జడిసి వెనుకకు పోవును, చావదు. నడుమ విరామము ఉండుటచే తగిలినవాడు చేయి విడిపించుకొనగలడు. ఇంటి కరెంటు నేరుగా పారు తీగ పట్టినవానిని విడువదు. ఈ రెంటికిగల భేదమును గ్రామసభలో ప్రతి సంవత్సరము చెప్పవలెను. సౌరకంచెకును కాపుదల కావలెను. గడ్డి పెరిగి తీగకు తగిలినచో శక్తి భూమిలోనికి పోవును. కంచె పేరునకే మిగులును. హెచ్చరిక పలకలు కట్టుట, వారమునకొకసారి గడ్డి కోయుట గుత్తలో భాగముగా వ్రాయించవలెను. నేరుగా కరెంటు కలుపుటకు తీగ కట్టి ఇమ్మని అడిగినను కట్టనని చెప్పు మేస్త్రియే పంచాయతీ పనికి అర్హుడు.

మొక్కకు రక్ష, మానుకు శిక్షణ

బాటప్రక్క నాటిన మొక్కకు వెదురు తడికయైనను, ముళ్ళకంపయైనను, ఇనుపచట్రమైనను రక్ష ఉండవలెను. అయితే ఆ రక్షను తీయవలసిన కాలమును ఒకటి కలదని మరువరాదు. మొక్కను కఱ్ఱకు కట్టిన త్రాడు ఏటేట సడలింపనిచో కాండమును కోసివేయును. చట్రమును సకాలమున తీయనిచో ఇనుము చెట్టులోనికి మునుగును. చట్రము బిగించుటకు డబ్బు ఇచ్చి, విప్పుటకు ఇయ్యని పంచాయతీలు తమ చెట్టుకు తామే ఉరి బిగించినవగుచున్నవి.

మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దల మాట. ఇది చెట్లకు అక్షరాల వర్తించును. మొదటి మూడు నాలుగు సంవత్సరములలో చిటికెనవ్రేలంత కొమ్మలను సవరించి, ఒకే నిట్టనిలువు కాండము నిలిపినచో, ఇరువది సంవత్సరముల తరువాత తొడంత కొమ్మను తీయవలసిన అవసరము రాదు. రెండు సమానమైన కాండములు చీలిన చెట్టు గాలివానలో ఆ చీలికవద్దనే విరుగును.

పెద్దకొమ్మ తీయకతప్పనిచో మూడు కోతలలో తీయవలెను. మొదటిది, మ్రానునుండి ఒక అడుగు దూరమున కొమ్మ అడుగుభాగమున మూడవవంతు మందము వరకు. రెండవది, దానికి రెండు మూడు అంగుళములు వెలుపల పైనుండి. అప్పుడు కొమ్మ తన బరువుకు విరిగిపడును గాని బెరడు మ్రానువరకు చీలదు. మిగిలిన మోడును మూడవ కోతతో తీయవలెను. కొమ్మ మొదట ఉంగరమువలె ఉబ్బియుండు భాగమును మాత్రము కోయరాదు. గాయమును మూయు బెరడు పుట్టునది అక్కడనుండియే. మ్రానునకు అంటుకొని నున్నగా కోసిన కోత చూచుటకు అందముగా ఉండును. చెట్టునకు అది మానని పుండు.

కోసినచోట తారు పూయుట మన వాడుక. అమెరికా అటవీశాఖకు చెందిన ఆలెక్స్ షైగో అను శాస్త్రవేత్త వేలకొలది చెట్లను నిలువున చీల్చి పరిశీలించి, చెట్టు మన శరీరమువలె గాయమును మాన్పుకొనదనియు, చెడిన భాగమును లోపల గోడకట్టి వేరుచేసికొనుననియు నిరూపించెను. ఆ గోడకు తారు సహాయము చేయదు. సరియైనచోట సరియైన కోతయే మందు.

ఎత్తు తగ్గించవలెనని చెట్టు తల నరికివేయుటయు సరికాదు. నరికినచోట గుత్తులుగా వచ్చు కొత్త కొమ్మలకు పట్టు ఉండదు; మొదటి పెనుగాలికే ఊడిపడును. అట్లే రచ్చబండ కట్టునప్పుడు రావి, వేప మొదళ్ళచుట్టు రెండడుగుల మట్టి పోసి, పైన సిమెంటు చేయుట అలవాటైనది. వేళ్ళకు గాలి, నీరు అందక చెట్టు నాలుగైదు సంవత్సరములకు పైనుండి ఎండును. కారణము ఎవరికిని తోచదు. 2013లో జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీ నగరములో చెట్ల మొదళ్ళచుట్టు ఒక మీటరు మేర కాంక్రీటును తొలగింపుమని ఆదేశించినది. ఆ మీటరు స్థలము మన సిమెంటు రోడ్ల ప్రక్కనున్న చెట్లకును విడువవలెను.

నిలిచియున్న చెట్టును నరుకుటకు ముందు అనుమతి తప్పనిసరి. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము, వాల్టా అని వాడుకలో నున్నది, రెండు తెలుగు రాష్ట్రములలోను దీనిని నియంత్రించుచున్నది. అనుమతి కాగితము చూపనిదే రంపము దింపువాడు పంచాయతీని కూడ నేరములో దింపును.

మహావృక్షములు నేర్పిన పాఠము

చెట్టు సంరక్షణ ఎంతవరకు పోగలదో తెలిసికొనవలెనన్న మహబూబ్‌నగర్ సమీపమున నున్న పిల్లలమఱ్ఱిని చూడవలెను. సుమారు 700 సంవత్సరముల వయస్సు గలదని చెప్పబడు ఈ మఱ్ఱికి చెదపురుగు పట్టి, 2017 డిసెంబరులో పెద్దకొమ్మ యొకటి విరిగిపడినది. సందర్శకులను ఆపివేసిరి. 2018లో అటవీ అధికారులు కొమ్మలకు రంధ్రములు చేసి, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్లు, సీసాలనుండి చుక్కచుక్కగా చెదపురుగు మందును ఎక్కించిరి. బరువైన కొమ్మలకు ఆసరాగా స్తంభములు కట్టిరి. కదిరి సమీపమున నున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను సుమారు అయిదు ఎకరముల మేర విస్తరించి, 1989లో గిన్నిస్ పుస్తకమున కెక్కినది. అక్కడ లేత ఊడలను వెదురు గొట్టములద్వారా నేలకు దింపుచు, అవి రేపటి స్తంభములగునట్లు పెంచుచున్నారు.

ప్రతి ఊరి మఱ్ఱికిని ఇంత చికిత్స చేయలేము. కాని చెద పుట్టను మొదట్లోనే చూచుట, ఊడలను కత్తిరింపకుండుట, మ్రానునకు మేకులు కొట్టి పలకలు తగిలింపకుండుట ఏ పంచాయతీకి సాధ్యము కాదు? పెద్ద చికిత్స అవసరమగుట చిన్న శ్రద్ధ లోపించిన తరువాతనే.

ఎక్కువాని ప్రాణము

చెట్టు గూర్చి ఇంత చెప్పి, చెట్టెక్కు మనిషిని గూర్చి చెప్పకుండుట తగదు. కొమ్మల పనికి తరచుగా పిలువబడువారు గీత కార్మికులు, కొబ్బరి దింపువారు. వారికి ఎక్కుట తెలియును. తాటిచెట్టుకు కొమ్మలు లేవు, మఱ్ఱికి ఉన్నవి. ఎండిన కొమ్మపై అడుగు వేయుట, రంపము చేతబట్టి ఒంటిచేత పట్టుకొనుట వేరు విద్య. 2024లో తెలంగాణ ప్రభుత్వము గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచము అను పేర త్రాళ్ళు, నడికట్టుతో కూడిన పరికరములు ఇచ్చుట ప్రారంభించినది. ఇటువంటి నడికట్టు, హెల్మెట్టు లేనివానిని పంచాయతీ పనిపై చెట్టు ఎక్కనీయరాదు.

విద్యుత్ తీగల దగ్గరి పనికి ముందు సబ్‌స్టేషనులో లైన్ క్లియర్, వాడుకలో ఎల్.సి. అందురు, తీసికొనవలెను. లైన్‌మన్ స్వయముగా వచ్చి చూపి చెప్పవలెను. ఫోనులో కరెంటు ఆపినారట అన్న మాటపై ఎవడును ఎక్కరాదు. పని ముగిసి, మనుష్యులందరు దిగి, లెక్క సరిపోయిన తరువాతనే ఎల్.సి. తిరిగి ఇయ్యవలెను. ఎక్కకముందు తేనెపట్టు ఉన్నదేమో, పక్షిగూళ్ళలో పిల్లలున్నవేమో చెట్టు చుట్టు తిరిగి చూడవలెను. పెద్ద తేనెటీగలు రేగినప్పుడు చెట్టుపైనున్నవానికి పారిపోవు దారి లేదు.

ప్రధానమంత్రి సురక్ష బీమా 2022 జూన్ నుండి సంవత్సరమునకు 20 రూపాయలు. 18 నుండి 70 సంవత్సరముల లోపు బ్యాంకు ఖాతాదారుడు ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. పనివారందరికి ఈ బీమా ఉన్నట్లు రుజువు చూపిన మేస్త్రికే పని ఇచ్చుట పంచాయతీకి అసాధ్యము కాదు. ఒక టీ, ఒక పలహారము ఖర్చు.

ఒప్పందమున ఉండవలసినవి

మాటమీద ఇచ్చిన గుత్త మాటతోనే పోవును. కావున పంచాయతీ తీర్మానములోను, ఒప్పంద పత్రములోను ఈ క్రింది అంశములుండునట్లు చూడవలెను.

1. సర్వేయరు చూపిన హద్దు, అడుగులలో చుట్టుకొలత, గేట్ల సంఖ్య.

2. కడీల పొడవు, భూమిలో దిగు లోతు, వాటి మధ్య దూరము, మూలకు ఊతకడీలు.

3. తీగ వరుసలు, తీగ ప్రమాణము; చెట్లకు మేకు కొట్టరాదను షరతు.

4. జీవకంచెయైనచో జాతి పేరు, విత్తు కాలము, తలలు త్రుంచు కాలము, మొలవని సందులను మరుసటి తొలకరిలో నింపు బాధ్యత.

5. మొక్కలకు మూడు సంవత్సరముల కాపుదల: నీరు, త్రాడు సడలించుట, రక్ష మరమ్మతు, చివరకు దానిని తొలగించుట.

6. కొమ్మలు తీయు పనియైనచో ఏ చెట్టు, ఏ కొమ్మ అను జాబితా. చెట్లు సవరించవలెను అని మాత్రమే వ్రాసినచో నీడనిచ్చు చెట్టంతయు కట్టెల బండి యెక్కును. కట్టె ఎవరిదో ముందే వ్రాయవలెను.

7. అనుమతి పత్రము, ఎల్.సి., నడికట్లు, హెల్మెట్లు, బీమా.

8. చెల్లింపు మూడు భాగములు. కొలతలు ఎం.బుక్‌లో ఎక్కిన తరువాత ఒకటి, పని ముగిసిన తరువాత ఒకటి, ఒక వానకాలము గడచి కంచె ఒరగలేదని, మొక్క బ్రతికినదని చూచిన తరువాత మిగిలినది.

ఈ ఎనిమిదవ అంశము అన్నిటికంటె ముఖ్యమని మా అభిప్రాయము. కంచె పని నాణ్యమును తేల్చునది సభ్యుడు కాదు, ఇంజనీరు కాదు, వాన. వాన చూచిన తరువాత ఇచ్చు డబ్బు ఉన్నంతకాలము మేస్త్రి మూలకడీని మరువడు.

దీనితోబాటు మేస్త్రి పక్షమున ఒక మాట చెప్పుట మా ధర్మము. తక్కువ ధరకు పాడినవానికే పని యిచ్చి, ఆ బిల్లును సంవత్సరము త్రిప్పుచున్నచో, నేర్పు గలవాడు పంచాయతీ గడప తొక్కడు. లోతు తగ్గించువాడు, త్రాడు లేక ఎక్కించువాడు మాత్రమే మిగులును. మంచి పని కావలెనన్న తగిన ధర, సకాలమున చెల్లింపు రెండును కావలెను. పనివానికి బాకీపడిన పంచాయతీ నాణ్యమును గూర్చి గట్టిగా అడుగలేదు.

ముందున్న తొలకరికి ముందే పంచాయతీ సభ్యులు ఒక ఉదయము కలిసి ఊరు చుట్టి రావలెనని మా మనవి. ఏ మూలకడీ ఒరిగినదో, ఏ చెట్టు మెడకు ఇనుపచట్రము బిగిసినదో, ఏ కొమ్మ కరెంటు తీగను తాకుచున్నదో, ఏ చేని గట్టున రాత్రిపూట దొంగతీగ కట్టుచున్నారో కండ్లార చూచి, కాగితముపై వ్రాసికొని, గ్రామసభ ముందుంచవలెను. ఆ కాగితమునందలి పనులు ముగిసిననాడు ఆ ఊరి చేలు దక్కును, చెట్లు దక్కును. చీకటిలో మోటారు వేయుటకు పోయిన రైతు తెల్లవారి ఇంటికి తిరిగివచ్చును.